స్వల్ప వ్యయముతో సూక్ష్మ ఛాయాగ్రహణము

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు ప్రసంగించిన మిత్రులు పద్యనాటకమును గూర్చి ఇంపుగా మాటలాడిరి. పద్యము విన్న చెవులకు పురుగుల ముచ్చట రుచించునో లేదో యను సంశయముతోనే నిలువబడితిని. అయినను కార్యదర్శిగారు నన్ను కోరిన విషయము ఇదియే. మన పిల్లలలో పలువురకు, పెద్దలలో కొందరకు కెమెరాలున్నవి. చీమ మొగమును, పూవు నడిమి పుప్పొడిని, తాతలనాటి నాణెమును పెద్దవిగా తీయవలెనను కోరికయు ఉన్నది. దుకాణమునకు పోయి లెన్సు ధర అడిగి వచ్చిన పిమ్మట ఆ కోరిక అణగిపోయినదని వారు కార్యదర్శిగారితో చెప్పుకొనిరట. అణగిపోవుటలో వింత లేదు. ఈ పనికై ప్రత్యేకముగా చేయబడిన మాక్రో లెన్సు, పేరుపొందిన కంపెనీలదైనచో, నలుబది ఏబది వేల నుండి లక్ష వరకు పలుకుచున్నది. పిల్లల చదువు రుసుము, ఇంటి అప్పు వాయిదా, ఊరి ప్రయాణము, ఇవన్నియు పోగా నెల జీతములో ఎంత మిగులునో ఈ సభలోని వారికి నేను చెప్పనక్కరలేదు. ఆ లెన్సు లేకయే పని జరుపుకొను మార్గములు కలవు. అవి క్రొత్తవి కావు. మన తండ్రుల కాలము నుండి ఉన్నవే.

ముందుగా మాక్రో అను మాటకు అర్థమును స్థిరపరుచుకొందము. వర్తకులు ప్రతి లెన్సు మీదను, ప్రతి ఫోను డబ్బా మీదను ఈ మాటను అచ్చువేయుటచే దాని విలువ చెడినది. సరియైన అర్థము ఇది: వస్తువు ఎంత పరిమాణము గలదో, కెమెరా లోపల సెన్సారు మీద పడు బింబమును అంతే పరిమాణము గలదైనచో, అది ఒకటికి ఒకటి అను నిష్పత్తి. అక్కడినుండియే మాక్రో. సాధారణమైన 50 మిల్లీమీటర్ల లెన్సును వస్తువునకు ఎంత చేరువగా తెచ్చినను బింబము తరచుగా వస్తువులో ఏడవ వంతునకు మించదు. మన ప్రయత్నమంతయు ఆ ఏడవ వంతును పూర్తి ఒకటిగా చేయుటకే.

ఈ నిష్పత్తిని కొలుచుటకు యంత్రమేమియు అక్కరలేదు. పిల్లల పెట్టెలోని స్కేలును ఫోటో తీయుడు. పూర్తి ఫ్రేము సెన్సారు గల కెమెరాలో ఈ అంచునుండి ఆ అంచువరకు 36 మిల్లీమీటర్లు మాత్రమే కనబడినచో మీరు ఒకటికి ఒకటి చేరినారు. మనలో ఎక్కువమంది వద్దనున్న ఏ.పీ.ఎస్.సీ. సెన్సారు కెమెరాలో 22 లేక 23 మిల్లీమీటర్లు కనబడవలెను. స్కేలు కంటె ముచ్చటయైన కొలబద్ద యొకటి మీ ఇంటి పాత డబ్బాలలో ఉండవచ్చును. 1957 లో దశాంశ నాణెములు వచ్చినప్పుడు వెలువడిన కంచు నయా పైసా వ్యాసము 16 మిల్లీమీటర్లు. ఏ.పీ.ఎస్.సీ. సెన్సారు ఎత్తు 15, 16 మిల్లీమీటర్ల నడుమ నుండును. నయా పైసా తలయు అడుగును ఫ్రేము అంచులను తాకినచో మీ పని నెరవేరినదన్నమాట.

ఇచట ఒక పూర్వుని స్మరింపక ముందుకు పోజాలను. హాలండు దేశమున డెల్ఫ్ట్ పట్టణములో లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు ఉండెను. 1632 లో పుట్టి 1723 లో గతించెను. ఆయన 1660 లో ఆ పట్టణపు అధికారుల సభామందిరమునకు సంరక్షకుడుగా నియమింపబడెను. అనగా మనవలె సర్కారు కొలువు చేసినవాడే. తీరిక వేళలలో తన చేతితో చిన్న గాజు కటకములను తయారుచేసి, ఇత్తడి రేకుల నడుమ బిగించి, నీటిబొట్టులోని జీవులను లోకమున మొదటిసారిగా చూచెను. విశ్వవిద్యాలయ విద్య ఆయనకు లేదు. పండితుల భాషయగు లాటిను రాదు. 1673 నుండి లండను రాయల్ సొసైటీకి తాను చూచినదెల్ల తన మాతృభాషయగు డచ్చిలోనే జాబులుగా వ్రాసెను. ఆ సంస్థవారు వానిని అనువదింపించుకొని చదివిరి, 1680 లో ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. మాతృభాష సంగతి ఎందులకు ప్రస్తావించితినో కొంచెము సేపటికి మనవి చేసెదను.

ఇక మార్గముల మాట. ప్రధానమైనవి మూడు.

మొదటిది క్లోజప్ లెన్సు. ఇది చత్వారము వచ్చినవారి కళ్ళద్దము వంటిదే. లెన్సు ముందు మరలతో బిగించుకొనుటయే. దీని శక్తిని కళ్ళద్దముల వలెనే డయాప్టరులలో చెప్పుదురు. 4 డయాప్టరుల అద్దము నాభ్యంతరము 250 మిల్లీమీటర్లు. మీ లెన్సు నాభ్యంతరమును ఈ 250 చేత భాగించినచో వచ్చునదియే నిష్పత్తి. 50 మిల్లీమీటర్ల లెన్సు ముందు పెట్టిన అయిదవ వంతు మాత్రమే వచ్చును. అది శ్రమకు తగిన ఫలము కాదు. అదే అద్దమును 200 మిల్లీమీటర్ల జూము ముందు పెట్టినచో పదింట ఎనిమిది వంతులు వచ్చును. కావున ఈ మార్గము పొడవైన జూము గలవారికి మాత్రమే. నాలుగైదు అద్దములు ఒక సంచిలో వేసి కొన్ని వందలకు అమ్ము సెట్లు కలవు. అవి ఒంటి గాజు అద్దములు. అంచులయందు ఊదా, ఆకుపచ్చ రంగుల పొరలు పుట్టించును. రెండు మూడు గాజులు కలిపి రంగుదోషమును సవరించినవి వేరు. జపానులో రేనాక్స్ వారు చేయు 8 డయాప్టరుల అద్దము ఇట్టిది. దాని ధర వేలలోనే యుండును గాని, 250 మిల్లీమీటర్ల జూముతో రెండింతల బింబమునిచ్చును. దీనిని తగిలించిన తరువాత కెమెరాలోని ఆటో ఫోకస్, అపర్చరు ఎప్పటివలెనే పనిచేయును; వెలుతురును నష్టము కాదు. వేళ్ళు వణకు పెద్దవారికి నేను దీనినే చెప్పెదను.

రెండవది ఎక్స్‌టెన్షన్ ట్యూబు. పేరు పెద్దదే గాని లోపల గాజు లేని వట్టి గొట్టము. కెమెరాకును లెన్సునకును నడుమ దీనిని బిగింతురు. లెన్సు సెన్సారునుండి ఎంత దూరము జరిగిన బింబము అంత పెరుగును. గొట్టము పొడవును లెన్సు నాభ్యంతరముచే భాగించుడు: 50 లెన్సునకు 25 గొట్టము పెట్టిన సగము, 50 గొట్టము పెట్టిన ఒకటికి ఒకటి. సాధారణముగా 12, 20, 36 మిల్లీమీటర్ల మూడు గొట్టములు కలిపి అమ్ముదురు. మూడును చేర్చిన 68. గాజు లేదు గనుక చౌక గొట్టమైనను బింబము చెడదు. ఖరీదులో వ్యత్యాసమంతయు విద్యుత్ స్పర్శల వలన వచ్చినది. అవి లేని వట్టి లోహపు గొట్టములు కొన్ని వందలకే దొరకును. కాని కెమెరాకు లెన్సుతో మాట పోవును, అపర్చరు మీ చేతిలో నుండదు. స్పర్శలు గలవి రెండు మూడు వేలు. ఒక హెచ్చరిక: వెడల్పు దృష్టి గల 18, 24 లెన్సులకు ఈ గొట్టములు పెట్టకుడు. వస్తువు లెన్సు గాజును తాకునంత సమీపమునకు వచ్చును, ఒక్కొక్కప్పుడు ఫోకస్ స్థానము గాజు లోపలనే పడును.

మూడవ మార్గము లెన్సును తలక్రిందులుగా బిగించుట. నా యిష్టము దీని మీదనే యని దాచుకొనను. ముందు భాగము కెమెరా వైపునకును, వెనుక భాగము వస్తువు వైపునకును త్రిప్పి పెట్టుట. దీనికి కావలసినది ఒక్క రివర్స్ రింగు, అనగా ఒక వైపు కెమెరా మౌంటును మరియొక వైపు లెన్సు ముందరి మరయు గల లోహపు చక్రము. రెండు మూడు వందలు. కొనునప్పుడు మీ లెన్సు ముందరి మర కొలత చూచుకొనుడు; అది 49, 52, 55, 58 మిల్లీమీటర్లలో ఏదియో లెన్సు ముందు భాగమున అచ్చువేసి యుండును.

త్రిప్పినంత మాత్రమున ఏల పెరుగునో చెప్పెదను. మామూలు లెన్సు దూరమందలి పెద్ద దృశ్యమును దగ్గరనున్న చిన్న సెన్సారుపై కుదించుటకు చేయబడినది. మన పని దీనికి విరుద్ధము: దగ్గరనున్న చిన్న వస్తువును పెద్దదిగా చేయుట. కావున లెన్సును త్రిప్పి పెట్టుట తెలివి తక్కువ పని కాదు. అది ఏ దూరములకు దిద్దబడినదో ఆ దూరములను తారుమారు చేయుటయే. 50 లెన్సు ఇంచుమించు ఒకటికి ఒకటి యిచ్చును. 28 లెన్సును త్రిప్పిన రెండింతలకు పైగా. ఇచట నియమము గొట్టములకు వలెనే తలక్రిందులు: నాభ్యంతరము తగ్గిన కొలది బింబము పెద్దదగును. కెమెరాతో వచ్చు 18-55 జూమును త్రిప్పి పెట్టినచో 55 వద్ద తక్కువ, 18 వద్ద చాల ఎక్కువ. వస్తువు దూరము మాత్రము ఏ లెన్సుకైనను ఇంచుమించు నాలుగున్నర సెంటీమీటర్లే. చీమకు ఇది చాలును; తూనీగ ఒప్పుకొనదు.

అపర్చరు సంగతియే ఇందులో చిక్కు. ఈనాటి లెన్సులలో పెక్కింటికి అపర్చరు త్రిప్పు చక్రము లేదు. కెమెరా విద్యుత్తు ద్వారా ఆజ్ఞాపించును. త్రిప్పి పెట్టిన లెన్సునకు ఆ ఆజ్ఞ అందదు. క్యానన్ లెన్సైనచో ఒక ఉపాయము కలదు. లెన్సు మామూలుగా ఉన్నప్పుడే ఎఫ్ 8 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బొత్తామును నొక్కి పట్టుకొని, ఆ నొక్కు వదలకయే లెన్సును ఊడదీయుడు. రెప్పలు ఆ స్థితిలోనే నిలిచిపోవును. చక్రము లేని నికాన్ లెన్సు ఊడదీసినంతనే పూర్తిగా మూసుకొనును. దాని వెనుక ఒక చిన్న మీట కలదు. ఆ మీటకు కాగితపు మడత అడ్డుపెట్టి కావలసినంత తెరచి ఉంచవలెను. ఈ తంటాలేల యనువారు అపర్చరు చక్రము గల పాత లెన్సును వెదకుడు. ఫిల్ము కాలమున ప్రతి కెమెరాతోను ఒక 50 లెన్సు వచ్చెడిది. అవి ఇండ్ల అటకలమీదను, ఢిల్లీ చాందినీ చౌకులోని కెమెరా బజారునందును, హైదరాబాదు కోఠీ ప్రాంతమునను ఇంకను కనబడుచున్నవి. త్రిప్పి వాడుటకు ఏ కంపెనీదైనను సరియే, మౌంటుతో పని లేదు. గాజులో బూజు పట్టినదా యని దీపమునకెదురుగా పెట్టి చూచుకొనుడు, చక్రము త్రిప్పినప్పుడు రెప్పలు కదలుచున్నవా యని చూచుకొనుడు, బేరమాడుడు. స్టూడియోలలో ఫిల్మును కాగితముపై పెద్దదిగా ముద్రించుటకు వాడిన ఎన్‌లార్జరు లెన్సులు ఇంకను మేలు. దగ్గర దూరములకే చేయబడినవి గనుక త్రిప్పి పెట్టిన వెంటనే అవి గొప్ప పదును చూపును. చీకటి గదులు మూతబడినవి. వాని లెన్సులు ఎవరికి కావలెనో తెలియక పెట్టెలలో పడియున్నవి.

త్రిప్పిన లెన్సు వెనుక గాజు బయటి దుమ్మునకు, చెమ్మకు లోనగును. ఒక వట్టి గొట్టమును దానికి గొడుగుగా తగిలింపుడు, లేదా మందుల డబ్బా మూతకు రంధ్రము చేసి అమర్చుడు.

కెమెరాయే లేనివారు ఫోనును తక్కువగా చూడవలదు. గడియారములు బాగుచేయువారు కంటికి తగిలించుకొను పదింతల అద్దమును ఫోను లెన్సునకు ఎదురుగా అంటించినచో సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు గల ప్రదేశము ఫోటో అంతయు నిండును. అచ్చుగా ఒకటికి ఒకటి కాకపోయినను, ఫోను సెన్సారు చిన్నది గనుక కంటికి కనబడు ఫలితము మాక్రో వంటిదే. నిష్పత్తి లెక్కల కంటె ఎంత మేర ఫ్రేములో పట్టినది అనునదియే పిల్లలకు కావలసినది. అయితే కొన్ని ఫోనులలో మాక్రో అను పేరుతో పెట్టిన రెండు మెగాపిక్సెళ్ళ ప్రత్యేక కెమెరాను నమ్మవలదు. అది డబ్బా మీద అంకె పెంచుటకు పెట్టినది.

పరికరము సమకూడిన తరువాత అసలు కష్టము మొదలగును. అది లోతు. ఒకటికి ఒకటి వద్ద ఎఫ్ 8 పెట్టినను స్పష్టముగా కనబడు లోతు మొత్తము ఒక మిల్లీమీటరు. రెండింతల వద్ద మిల్లీమీటరులో మూడవ వంతు. మీరు ఊపిరి పీల్చిన చాలును, ఈగ కన్నుపైనున్న ఫోకస్ రెక్క మీదికి పోవును. ఎఫ్ 22 పెట్టి లోతు సంపాదించెదమందురా, కుదరదు. నిష్పత్తి పెరిగిన కొలది అపర్చరు తన అంకె కంటె చిన్నదై పనిచేయును: ఒకటికి ఒకటి వద్ద ఎఫ్ 8 నిజమునకు ఎఫ్ 16, ఎఫ్ 16 నిజమునకు ఎఫ్ 32. అంత సన్నని రంధ్రమున కాంతి వివర్తనము చెంది బింబమంతయు మసకబారును. ఎఫ్ 8, ఎఫ్ 11 ల నడుమ నిలుచుట బుద్ధిమంతుల లక్షణము. ఉన్న ఒక్క మిల్లీమీటరును ఎక్కడ ఖర్చుపెట్టవలెనో నిర్ణయించుటయే ఈ విద్య. నెల చివర చేతిలోనున్న డబ్బు వంటిదని అనుకొనుడు. పురుగైనచో కంటి మీద పెట్టుడు. సీతాకోకచిలుకయైనచో దాని రెక్క తలము కెమెరాకు సమాంతరముగా నుండునట్లు మీరే ఒరుగుడు. అప్పుడు ఒక్క మిల్లీమీటరే రెక్కయంతటికి సరిపోవును.

ఫోకస్ చక్రమును త్రిప్పుచు కూర్చొనకుడు. నిష్పత్తిని ముందుగా స్థిరపరచి, మీ దేహమునే వెండ్రుకవాసి ముందునకు వెనుకకు ఊపుచు, కన్ను పదునుగా కనబడిన క్షణమున నొక్కుడు. మోచేతులు మోకాళ్ళపై ఆనవలెను. ఎడమ చేతితో కొమ్మను పట్టుకొని, ఆ చేతి మీదనే లెన్సును ఆనించినచో కొమ్మయు కెమెరాయు కలిసి కదలును, వాని నడుమ దూరము మారదు. ఈ కిటుకు ఏ ట్రైపాడును ఇయ్యలేని స్థిరత్వము నిచ్చును. నేల మీద పనికి పెసలు నింపిన గుడ్డసంచి చాలును. పది తీసిన ఒకటి మిగులును. తొమ్మిదింటిని చెరపివేయుటకు ఖర్చు లేదు గదా. నాణెము వంటి కదలని వస్తువునైనచో ఫోకస్‌ను కొంచెము కొంచెము జరుపుచు ఇరువది ఫోటోలు తీసి, ఎన్‌ఫ్యూజ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వానిలోని స్పష్టమైన భాగములను ఒకటిగా కూర్చవచ్చును.

అపర్చరు చిన్నదైనందున వెలుతురు చాలదు. ఫ్లాష్ అవసరము. చేతితో సరిపెట్టుకొను సాధారణపు ఫ్లాష్ చాలును. తక్కువ శక్తి వద్ద దాని మెరుపు సెకనులో పదివేలవ వంతు మాత్రమే యుండునుగనుక చేతి వణకును, పురుగు నడకను కూడ అది నిలిపివేయును. కాని అటక మీది ముప్పది నలుబది ఏండ్లనాటి ఫ్లాష్‌ను తెచ్చి నేటి కెమెరా తలపై పెట్టకుడు. వానిలో కొన్నిటి ట్రిగ్గరు వోల్టేజి రెండు వందలు దాటును. కెమెరా లోపలి సర్క్యూటు కాలిపోవచ్చును. ఫ్లాష్ వెలుగు నేరుగా పడిన పెంకు పురుగు వీపుపై తెల్లని మచ్చ తప్ప మరేమియు కనబడదు. ట్రేసింగు కాగితము, పాల ప్యాకెట్టు తెలుపు, థర్మోకోలు గిన్నె, ఇవి వెలుగును మెత్తపరచును. వీనిని ఫ్లాష్‌కు దగ్గరగా గాక పురుగునకు దగ్గరగా ఉంచుడు. చిన్న పురుగునకు జానెడు కాగితము ఆకాశమంత వెడల్పు. వెనుక భాగము నల్లగా వచ్చుచున్నదని చాలమంది అందురు. దూరముతో ఫ్లాష్ వెలుగు వేగముగా క్షీణించుటయే కారణము. పురుగు వెనుక బెత్తెడు దూరమున ఒక ఆకు పట్టుకొనిన పగలు వలె కనబడును.

నాణెములకు ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుగు ఒక ప్రక్కనుండి ఏటవాలుగా రానిచ్చి, రెండవ ప్రక్క తెల్ల అట్ట పెట్టుడు. అరిగిన అక్షరములు ఆ ఏటవాలు నీడలలో లేచి నిలుచును. మెరయు క్రొత్త నాణెమునకు దానిపైన ఒక గాజు పలకను 45 డిగ్రీలు వాల్చి, ప్రక్కనుండి దీపము వేసిన, వెలుగు గాజుమీద పడి నేరుగా క్రిందికి దిగును. కెమెరా పైనుండి ఆ గాజు గుండనే చూచును.

అమెరికాలో వెర్మాంటు రాష్ట్రమున బెంట్లీ అను రైతు బిడ్డ యుండెను. తండ్రి కొనియిచ్చిన సూక్ష్మదర్శినికి తోలుతిత్తి కెమెరాను జతచేసి, 1885 జనవరి 15 న మంచు రవ్వను మొదటిసారిగా ఫోటో తీసెను. 1931 లో మరణించువరకు అయిదు వేలకు పైగా మంచు రవ్వలను తీసెను. ఆయనకు దూరదేశములతో పని లేదు. తన పొలములో పడినదానినే తీసెను. మనకును అదే మేలు. వసారాలోని కరివేపాకు కుండ ఒక్కటి చాలును. దానిపై నిమ్మజాతి మొక్కల సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టును. పుట్టిన గొంగళి మొదట పిట్ట రెట్టవలె కనబడి శత్రువును మోసగించును, పెరిగి ఆకుపచ్చనగును, తాకినచో తల వెనుకనుండి చీలిన కొమ్మువంటి అవయవమును చాచి ఘాటు వాసన వదలును. లేత చిగురు క్రింద పేనుబంక, దాని తీపి రసమునకై చీమలు, పేనుబంకను తినుటకు అక్షింతల పురుగు చేరును. గోడమీద గంతులు వేయు సాలీడు ఎనిమిది కన్నులతో మీ లెన్సు వైపునకే తిరిగి చూచును. దీనికంటె సహకరించు వ్యక్తిని నేను మన కార్యాలయములలో కూడ చూడలేదు. తెల్లవారుజామున వచ్చుడు, చలికి మొద్దుబారిన పురుగులు ఎండ తగులువరకు కదలవు, వాని మీసములపై మంచు బిందువులు నిలిచియుండును. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండ చేయుట, జిగురుతో అంటించుట కొందరు చేయుచున్నారు. అట్టి ఫోటోలను మన సంచికలో వేయకుందుమని కార్యదర్శిగారు మాట ఇచ్చియున్నారు.

ఇప్పుడు మాతృభాష మాట. ఈ పనికి నన్ను పురికొల్పినది కెమెరా మీద వ్యామోహము ఒక్కటే కాదు. ఇచట పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలుగున ఏనుగు, సింహము తెలియును. పాఠ్యపుస్తకములో బొమ్మలున్నవి గనుక. అక్షింతల పురుగు, పేనుబంక, పిండినల్లి, మిణుగురు, కందిరీగ, పేడపురుగు, ఆరుద్ర పురుగు వారికి తెలియవు. ఈ పేర్లెరిగినవారు మన సంఘములో డెబ్బది దాటిన పెద్దలు. వారికి పేరు వచ్చును, పురుగును చూడక ముప్పది నలుబది ఏండ్లయినది. పిల్లలకు పురుగు ప్రతిదినము కనబడుచున్నది, పేరు లేదు. ఈ రెంటిని ఒక పుటపై కలుపుటకు మాక్రో ఫోటో కంటె చవకయైన సాధనము నాకు తోచలేదు. గొల్లభామ యన్న మాటకు ఒక ప్రాంతమున ఒక పురుగు, మరియొక ప్రాంతమున మరియొకటి యని మన సభ్యులలోనే వాదము కలదు. మంచిదే. ఫోటో క్రింద రెండు పేర్లును, చెప్పినవారి జిల్లాతో సహా వ్రాసి యుంచెదము. గత రెండేండ్లలో మన మధ్యనుండి పోయిన పెద్దలతోపాటు ఎన్ని పేర్లు పోయినవో లెక్క లేదు. ఈ పనిని పదవీవిరమణ తరువాత తీరికగా చేయుదమని వాయిదా వేయువారు ఆ సంగతి తలచుకొందురుగాక.

మొదటి పుటకు ఆరుద్ర పురుగును తీయవలెనని నా కోరిక. ఆర్ద్ర కార్తె జూన్ 21, 22 తేదీల ప్రాంతమున ప్రవేశించును. ఆ తొలి వానలకు నేలనుండి వెలువడునది గనుక దానికి ఆ పేరు. ఉత్తరాదివారు బీర్ బహుటీ యందురు. పురుగని పిలుచుచున్నాము గాని ఎనిమిది కాళ్ళు గలది, సాలీళ్ళ బంధువు. సెంటీమీటరు వరకు పెరుగును. ఫోటోలో ఇది మోసము చేయును. కెమెరా మీటరు చుట్టునున్న తడిసిన నల్లమన్నును చూచి వెలుతురు పెంచును. ఎరుపు పొంగి మఖమలు నూగంతయు ఒక ఎర్రని ముద్దగా మారును. కావున ఒక స్టాపు తగ్గించి తీయుడు, వెలుగు ప్రక్కనుండి రానిండు. అప్పుడు నూగు వెండ్రుక వెండ్రుకగా కనబడును. 50 లెన్సు త్రిప్పి పెట్టిన చాలును, అంతకు మించి అక్కరలేదు. దానిని పట్టి డబ్బాలలో వేయవద్దని పిల్లలకు ముందే చెప్పుడు. మందు పేరున అమ్మువారు ఇప్పటికే దానిని ఏరుకొనిపోవుచున్నారు.

ఢిల్లీకి వానలు సాధారణముగా జూన్ చివరి వారమున వచ్చును. మొదటి మంచి వాన పడిన మరునాటి ఉదయము ఆరు గంటలకు మన క్వార్టర్ల వెనుక బయలున కలిసికొందము. రివర్స్ రింగులు అయిదు నా యొద్ద ఉన్నవి, లేనివారికి ఇచ్చెదను. మోకాళ్ళ క్రింద వేసికొనుటకు పాత ప్లాస్టికు పట్ట, పెసల సంచి, ట్రేసింగు కాగితము తెచ్చుకొనుడు. పెద్దలలో పేర్లు చెప్పగలవారు ఒక్కరైనను తప్పక రావలెను. వారికి కుర్చీలను పిల్లలు మోసికొని వచ్చెదరు.